ఇంటిమీది విద్యుత్తు: నిక్షేపమా, విక్రయమా?

(మంచిర్యాలలో జరిగిన మన పద్మశాలి కులబాంధవుల వార్షిక మహాసభ యందు చేసిన ప్రసంగము)



 విద్యాభివృద్ధిని గుఱించియో, వివాహములలోని దుర్వ్యయమును గుఱించియో మాటలాడుట మాకు సులభము. ఏండ్ల తరబడి బడిలో శబ్దమంజరియు రఘువంశమును చెప్పి విశ్రాంతి గొన్న పంతులకు విద్యుత్తుతో నేమి పని యని కొందఱికి తోచవచ్చును. అయినను గత రెండేండ్లుగా మా యరుగు మీదికి వచ్చు బంధువులు పిల్లల కళాశాల దరఖాస్తులకంటె కరెంటు బిల్లులనే యెక్కువగా తెచ్చుచున్నారు. వాని వెంట నొక ప్రశ్నయు తెచ్చుచున్నారు: "పంతులుగారూ, మేడమీద సౌరపలకలు వేయించినచో సర్కారు వారు నెలనెలా డబ్బు పంపుదురట, నిజమేనా?" ఆ ప్రశ్నకు మేము యరుగు మీద పలుమాఱు చెప్పిన సమాధానమునే నేడు సభాముఖమున చెప్పబూనితిమి.

డబ్బు పంపుదురను మాట పలకలు విక్రయించు సంస్థల యేజెంట్లు వీథివీథిని చెప్పుచున్న మాట. అది యబద్ధము కాదు. పూర్తి నిజమును కాదు. సగము నిజముపై సంతకము చేసి లక్ష రూపాయల ఋణము తలకెత్తుకొన్న గృహస్థునకు మిగిలిన సగము తరువాత తెలియును. కావున ఆ రెండవ సగమును ముందే తెలిసికొనుట మంచిది.

మొదట యంత్రమును గుఱించి రెండు మాటలు. మేడమీది పలకలపై ఎండ పడినపుడు పుట్టు విద్యుత్తు ఒకే దిక్కున ప్రవహించునట్టిది. ఇన్వర్టరను పెట్టె దానిని మన ఫ్యానులకును దీపములకును పనికివచ్చు రీతికి మార్చును. ఇంటిలో ఆ క్షణమున వాడుకొనగా మిగిలినది తీగలగుండ బయటి లైనులోనికి పోవును. రాత్రివేళ పలకలు నిద్రించును గనుక విద్యుత్తు బయటినుండి లోనికి వచ్చును. ఈ రాకపోకలు రెంటిని వేఱువేఱుగ లెక్కించు మీటరును పంపిణీ సంస్థ వారు పెట్టుదురు. మగ్గము నెఱిగిన మనవారికి దీనిని వివరించుట కష్టము కాదు. నాడె కుడికి పోయి యెడమకు వచ్చినట్లే, విద్యుత్తు పగలు పోయి రాత్రి వచ్చును. నెల చివర ఇంపోర్టు నుండి ఎక్స్‌పోర్టును తీసివేయగా మిగిలిన దానికే బిల్లు. దీనికే నెట్ మీటరింగ్ అని పేరు.

ఇచ్చట మా పాత చదువు కొంత యక్కఱకు వచ్చినది. మనుధర్మశాస్త్రము వ్యవహారములను, అనగా తగవులను, పదునెనిమిదిగా విభజించినది. అందు మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము. నిక్షేపమనగా నమ్మినవాని యొద్ద దాచిన సొమ్ము. దాచినది దాచినట్లే తిరిగి తీసికొనుట దాని ధర్మము. విక్రయమునందు వస్తువు పోయి ధర వచ్చును. ఆ ధరను గుఱించి కొనువానికిని ఒక మాట యుండును. మన మేడమీది విద్యుత్తు మొదట నిక్షేపము. పగలు నాలుగు యూనిట్లు పంపితిమా, రాత్రి ఆ నాలుగింటిని రూపాయి చెల్లింపక తిరిగి తీసికొందుము. మనము పంపిన యూనిట్లే తిరిగి రావు, నిజమే. అవి మధ్యాహ్నమే పొరుగింటి ఫ్యానును త్రిప్పి యుండును. గరిసెలో పోసిన వడ్లలో మన గింజ యేదో యెవరు గుర్తింతురు? కొలత సరిపోయిన చాలును. ఇక మనము తిరిగి తీసికొనక మిగిల్చిన దేది కలదో, అది మాత్రమే కాలాంతరమున విక్రయమగును. ఏజెంటు చెప్పు డబ్బు ఈ మిగులునకు వచ్చునదే గాని మేడమీద పుట్టిన విద్యుత్తు మొత్తమునకు వచ్చునది కాదు.

మన రాష్ట్రమున విద్యుత్ నియంత్రణ మండలి వారు 2016వ సంవత్సరపు నిబంధనలలో దీనిని ఏర్పఱచిరి. ఒక నెల మిగిలిన యూనిట్లు మఱుసటి నెలకు జమ యగును. ఏడాదికి రెండు మాఱులు, జూనులోను డిసెంబరులోను, అప్పటికిని మిగిలిన దానిని పంపిణీ సంస్థ కొనును. ఏ ధరకు? మనము బిల్లులో చెల్లించు ధరకు గాదు. ఆ సంస్థ వివిధ కేంద్రముల నుండి విద్యుత్తును కొనుటకు వెచ్చించు సగటు ధరకు. అనగా నిక్షేపమునకు విలువ మన బిల్లును బట్టియు, విక్రయమునకు విలువ వారి లెక్కను బట్టియు నుండును. ఈ భేదమును గ్రహించిన వానికి తక్కినదంతయు కూడికలు, తీసివేతలే.

ఆ కూడికలు, తీసివేతలు చేసి చూతము. 2022లో నిర్ణయించిన గృహశ్రేణి ధరల ప్రకారము, నెలకు 100 యూనిట్ల లోపు వాడు నింటికి మొదటి 50 యూనిట్లు 1 రూపాయి 95 పైసల చొప్పునను, తరువాతి 50 యూనిట్లు 3 రూపాయల 10 పైసల చొప్పునను పడును. 100 దాటి 200 లోపల నుండు నింటికి మొదటి నూఱు 3 రూపాయల 40 పైసలు, రెండవ నూఱు 4 రూపాయల 80 పైసలు. 200 దాటినచో మొదటి రెండువందలును 5 రూపాయల 10 పైసల లెక్కకు మాఱును. ఆపైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు, 400 వరకు 9 రూపాయలు. ఈ మెట్ల నిర్మాణములో ఒక విచిత్రమున్నది. సరిగా 200 యూనిట్లు వాడిన వానికి యూనిట్ల ఖరీదు 820 రూపాయలు. 201 వాడిన వానికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిటు ఖరీదు 207 రూపాయల 70 పైసలు! పట్టుచీరకు అంచు కుట్టించినను ఇంత కాదు.

ఇప్పుడు నెలకు 300 యూనిట్లు వాడు నొక మధ్యతరగతి యింటిని తీసికొందము. ఆ యింటి యూనిట్ల ఖరీదు 1,790 రూపాయలు. ఒక కిలోవాటు పలకలు దినమునకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇచ్చునని పెట్టుకొందము. మొదటి కిలోవాటు వేయించగనే లెక్క 180 యూనిట్లకు దిగును. బిల్లు 724 రూపాయలగును. మిగులు 1,066 రూపాయలు. రెండవ కిలోవాటుతో లెక్క 60 యూనిట్లకు దిగును. బిల్లు 128 రూపాయల 50 పైసలు. మిగులు మఱి 595 రూపాయల 50 పైసలు. మూడవ కిలోవాటు తగ్గించుటకు ఇక మిగిలియున్నది ఆ 128 రూపాయల 50 పైసలు మాత్రమే. దానితోబాటు 60 యూనిట్లు విక్రయమునకు మిగులును. బాంధవులారా, మొదటి కిలోవాటు పెద్దకొడుకు వలె ఇంటి బరువును మోయును; రెండవది తోడగును; మూడవది సంతకు పోయి యేమి తెచ్చునో సంత ధరను బట్టి యుండును. ఇంతేకాక స్థిరరుసుములు మొదలగునవి యీ లెక్కలో చేరలేదు. యూనిట్లు సున్నయైనను అవి బిల్లులో నిలిచియే యుండును.

మఱి యేజెంట్లు మూడు కిలోవాట్లనే యేల చెప్పుదురు? కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ఆమోదించిన పి.ఎం. సూర్యఘర్ పథకములో రాయితీ మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు. ఆ యంకె పెద్దక్షరములతో కరపత్రములపై కనబడును. దానిని విప్పి చూచినచో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000. మూడవదానికి 18,000 మాత్రమే. అటుపైన నెన్ని వేయించినను రాయితీ పెరుగదు. కిలోవాటునకు 70,000 రూపాయలగునని లెక్క కొఱకు అనుకొందము. రెండు కిలోవాట్లకు మన చేతినుండి పోవునది 80,000. అది నెలకు 1,661 రూపాయల 50 పైసల మిగులుతో నాలుగేండ్లలో తీఱును. మూడవదానికి పోవునది 52,000. మిగిలిన యూనిటు 5 రూపాయల 25 పైసలకు అమ్ముడు పోయినను అది తీఱుటకు పదియేండ్లకు సమీపించును. ధర 3 రూపాయలకు పడిపోయినచో పదునాలుగేండ్లు. మూడవది వేయింపవలదని మా మాట గాదు. ఎండకాలమున చల్లని యంత్రములు నడుపువారికి, వాడుక 400 దాటిన వారికి అదియు పెద్దకొడుకే. ఎవరి బిల్లు వారు చూచుకొనవలెను. పండ్రెండు నెలల బిల్లులను వరుసగ పెట్టి చూడక యెవడును సంతకము చేయరాదు.

5 రూపాయల 25 పైసల ధరను మేము ఊహించి చెప్పలేదు. నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో ఊరంతయు సౌరవిద్యుత్తుతో నింపిరి. సుమారు 480 ఇండ్లపై ఇంటికి మూడు కిలోవాట్ల చొప్పున పలకలు వెలసినవి; మిగులు విద్యుత్తునకు యూనిటుకు ఆ ధర యని పత్రికలలో వచ్చినది. ఆ యూరివారు నిజముగనే డబ్బు పుచ్చుకొనుచున్నారు. చూచి సంతోషింపవలసినదే. కాని అచ్చట పలకల ఖరీదును ప్రభుత్వ రాయితీయు, ఒక సంస్థ యొక్క విరాళమును భరించినవి. ఋణము లేనివాని యమ్మకము వేఱు. నెలనెలా కిస్తు కట్టువాని యమ్మకము వేఱు. "కొండారెడ్డిపల్లిలో వచ్చుచున్నది గదా" యని యేజెంటు చెప్పినపుడు ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు.

ఇక మనలో ననేకులకు సంబంధించిన విషయము. ఆహారభద్రత కార్డు గల కుటుంబములకు 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. సున్న బిల్లు వచ్చు నింటిలో నిక్షేపము వలన మిగులునది యేమి? సున్నలో నుండి యెంత తీసివేసినను సున్నయే గదా! అట్టి యింటివారు కేవలము విక్రయమును నమ్ముకొని ఋణము తీయవలసి వచ్చును. మా యెఱుకలో ఒక వితంతు సోదరి, బీడీలు చుట్టి బ్రదుకునట్టిది, సున్న బిల్లు గలది, మూడు కిలోవాట్లకు దాదాపు సంతకము చేసినది. ఏజెంటు పెట్టిన కాగితములో "ఆదాయము" అను మాట యేడు చోట్ల నున్నది. "మీ ప్రస్తుతపు బిల్లు" అను గడి ఖాళీగా నున్నది. ఆమె మా యరుగు మీదికి రాకున్నచో ఏమై యుండెడిదో! ఆ కాగితమును మేము చింపలేదు. ఖాళీ గడిలో సున్న వ్రాసి ఏజెంటు చేతికే తిరిగి యిచ్చితిమి. అతడు మఱల రాలేదు.

విక్రయధర యెందుకు స్థిరము కాదో గ్రహించుటకు ఇతర దేశముల చరిత్ర కొంత చూడవలెను. జర్మనీ దేశమువారు 1990లో చట్టము చేసి, ఇండ్లవారు పుట్టించిన విద్యుత్తును కొనుట పంపిణీదారుల విధియనిరి. 2000 నాటి చట్టముతో ఇరువది యేండ్ల వరకు మాఱని ధరను ఖాయపఱచిరి. అచ్చట పద్ధతి మన నిక్షేపము వంటిది గాదు, శుద్ధ విక్రయము; ధరయు మొదట ఉదారమైనది. ప్రపంచమున పలకల ఖరీదు పడిపోవుటకు ఆ కొనుగోళ్లు గొప్పగా తోడ్పడినవి. ఖరీదు పడిన కొలది క్రొత్తవారికిచ్చు ధరయు పడినది. ఇంగ్లండులో 2010లో ఇట్టి పథకమే ప్రారంభమై, 2019 మార్చి 31తో క్రొత్తవారికి తలుపు మూసిరి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో నెట్ మీటరింగ్ చాలకాలము వర్ధిల్లి, 2023 ఏప్రిల్ నుండి క్రొత్తగా చేరువారి మిగులు విద్యుత్తునకు విలువను మిక్కిలి తగ్గించిరి. అన్నిచోట్ల మొదట వచ్చినవారికి మేలైనది. అమ్మకముపై నాధారపడిన లెక్కయే ముందు చెడినది.

పంపిణీ సంస్థల పక్షమున కూడ న్యాయము కొంత కలదని యొప్పుకొనవలెను. మధ్యాహ్నము అందఱి మేడలును ఒక్కమాఱే విద్యుత్తును పంపును. సాయంకాలము దీపములు పెట్టువేళ అందఱును ఒక్కమాఱే అడుగుదురు. స్తంభములు, తీగలు, ట్రాన్స్‌ఫార్మరులు, లైనుమెన్ల జీతములు ఎండ కాసిన మాత్రమున తగ్గవు. బిల్లు కట్టనివారి వంతు కట్టువారిపై పడునని వారి వాదము. పలకలు వేయింపలేని పేదలే ఆ కట్టువారిలో నుండినచో వాదము మఱింత బరువెక్కును. మనము అడుగునపుడు ఈ మాటకు సమాధానము సిద్ధముగ నుంచుకొనవలెను.

మన మంచిర్యాలవారికి విద్యుత్తు క్రొత్త వస్తువు గాదు. మన కాళ్లక్రింద బొగ్గున్నది. జైపూరు మండలమున సింగరేణి వారి 1,200 మెగావాట్ల కేంద్రము 2016 ఆగస్టు 7న జాతికి అంకితమైనది. గోదావరి దాటినచో రామగుండము. అచ్చటి జలాశయముపై ఎన్.టి.పి.సి. వారు నీట తేలియాడు పలకలతో 100 మెగావాట్ల సౌరకేంద్రమును 2022లో పూర్తిచేసిరి. బొగ్గును నమ్మిన సంస్థలే సూర్యుని యొద్ద దరఖాస్తు పెట్టుకొనుచున్నవి. మన యిండ్లలో గనికి పోవువారును కలరు, మగ్గము నాడించువారును కలరు. ఆ యిరువురకును ఎండను గుఱించి చెప్పనక్కఱలేదు. అయితే పలకలకు వెలుతురు ప్రీతి, వేడి యప్రీతి. మే మాసపు మన యెండలో అవి వేడెక్కి, చల్లని దినమునందలి నిర్మలమైన యెండలో నిచ్చినంత ఈయవు. బొగ్గు లారీల త్రోవలోని యిండ్లపై దుమ్ము పేరుకొనును, నీటితో కడుగుకొనుచుండవలెను. కోతుల సంగతి మేము చెప్పనేల, మీరే చూచుచున్నారు. మఱొక భ్రమ కూడ తొలగవలెను. కరెంటు పోయినపుడు, బ్యాటరీ లేని యీ యేర్పాటులో, మేడమీద మండుటెండ యున్నను ఇంటిలో దీపము వెలుగదు. లైను బాగుచేయుటకు స్తంభమెక్కిన లైనుమన్ ప్రాణము పోకుండుటకై ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవును. ఇది లోపము గాదు, ధర్మము.

దరఖాస్తు విషయమై కొన్ని మాటలు. జాతీయ పోర్టలులో నమోదు చేసికొనవలెను. పలకలు వేసి, పరీక్ష జరిగి, మీటరు మార్చిన పిమ్మట రాయితీ గృహస్థుని బ్యాంకు ఖాతాలోనికే వచ్చును. రాయితీ తన చేతికీయుమను నేజెంటును నమ్మరాదు. దేశమున తయారైన పలకలకే రాయితీ వర్తించును. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు వేఱుగ సాంకేతిక పరిశీలన పేరిట జాప్యము చేయరాదని 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నియమములు చెప్పుచున్నవి. అయిదు కిలోవాట్ల లోపు వారి కొఱకు లైనును బలపఱుపవలసి వచ్చినచో ఆ ఖర్చు పంపిణీ సంస్థదే. కాగితముల మీద సర్వము సులభముగనే యున్నది.

కష్టమంతయు మన యింటిలోనే యున్నది. మీటరు తాతగారి పేర నుండును. తాతగారు పోయి ఇరువది యేండ్లు. ఇల్లు ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి. క్రింద ఒకరు, పైన ఒకరు, బొంబాయిలోనో భీవండిలోనో ఒకరు. పైకప్పు ఎవరిది? పలకల రాయితీ ఎవరి ఖాతాకు? మా యొద్దకు వచ్చిన బిల్లులలో చాలవాని దరఖాస్తు సూర్యుని వలన గాక పంపకము వలన నిలిచిపోయినది. కనుక మొదట మీటరును జీవించియున్న వారి పేరికి మార్పించుడు. పైకప్పును గుఱించి అన్నదమ్ములు ఒక కాగితము వ్రాసికొనుడు. ఇరువది యైదేండ్లు నిలుచు వస్తువును ఇరువది యైదు దినములు నిలువని మాటపై పెట్టరాదు.

చివరగా సంఘము చేయదగిన పని. మేడ లేనివారు, అద్దె యిండ్లవారు, రేకుల యిండ్లవారు మనలో తక్కువ గాదు. ఇంతవఱకు చెప్పిన మేలులో వారికి పాలు లేదు. ఢిల్లీలో 2019 నుండి ఒకచోట వేసిన పలకల విద్యుత్తును అనేకుల బిల్లులలో పంచు పద్ధతిని అచ్చటి నియంత్రణ మండలి వారు అనుమతించిరి. అట్టిది మన కాలనీలకు ఎట్లు అన్వయించునో సంఘము పక్షమున హనుమకొండలోని ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు వ్రాయవలెను. ధరలపై నియంత్రణ మండలి జరుపు బహిరంగ విచారణకు మన ప్రతినిధి పోయి మాటలాడవలెను. విద్యుత్తును గూర్చి పదిమంది కూడి పనిచేయుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. సిరిసిల్లలో 1970 నుండి సహకార విద్యుత్ సంఘము నడుచుచున్నది. అచ్చటి మన నేతకార్మికులు ఆ సంఘమున సభ్యులు, దాని యెన్నికలలో వోటర్లు.

విద్యార్థి వసతిగృహమునకును కల్యాణమంటపమునకును పలకలు వేయింపవలెనని కార్యవర్గము ముందు తీర్మానమొకటి యున్నదని వింటిమి. అవి నివాసగృహములు కావు గనుక సూర్యఘర్ రాయితీ వానికి వర్తింపదు. ఈ విషయము తీర్మానములో వ్రాయబడలేదు. చందాలడుగుటకు ముందు వ్రాయుట యుక్తము. మంటపము పెండ్లి దినములలో నిండును, తక్కిన దినములలో తాళము. దాని విద్యుత్తులో చాల పాలు విక్రయమునకే పోవును. వసతిగృహములో పిల్లలు ఏడాది పొడవునను ఉందురు. మోటారు, వంటశాల పగలే నడుచును. నిధి ఒకదానికే చాలునట్లయిన, వసతిగృహమునకే ముందు వేయింపవలెనని మా యభిప్రాయము. మంటపము పెద్దలకు కోపము రావచ్చును. వారు రెండింటి బిల్లులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిమ్మట కోపింపవలెనని ప్రార్థన.

భోజనానంతరము మేము మంటపము ఉత్తరపు వరండాలో కూర్చుందుము. పండ్రెండు నెలల బిల్లులు తెచ్చుకొన్నవారు రావచ్చును; లెక్క వేసి చూపెదము. బిల్లు తేనివారు మీటరు నంబరైనను తెచ్చుకొనుడు.